గోడకు పట్టిన ఈ నీళ్ళు ఎక్కడివి?



ధనుర్మాసంలో తెల్లవారుజామున గౌతమి గట్టు మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపించదు. స్కూటరు సీట్లు, అరటాకులు, పిట్టగోడలు అన్నీ మంచుకు తడిసి ఉంటాయి. అది బయటి సంగతి. అదే వేళకు తలుపులన్నీ బిగించిన ఇంట్లో అడుగుపెడితే మొదట తగిలేది ముక్కవాసన. వంటింట్లో ఉప్పు జాడీ మూత తీస్తే ఉప్పు ముద్దకట్టి, అడుగున నీరూరి ఉంటుంది. డబ్బాలో అప్పడాలు మెత్తబడి విరగకుండా వంగుతాయి. బీరువాను కాస్త ముందుకు జరిపితే వెనక గోడ మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. రేకుల ఇంట్లో అయితే వాన లేకుండానే పైనుంచి దుప్పటి మీద చుక్కలు పడుతుంటాయి. ఈ నీళ్ళు ఎక్కడివని యానాంలో ఎవరినడిగినా ఒకటే జవాబు: గోదారి ఒడ్డున ఊరు, సముద్రం పక్కన ఊరు, చెమ్మ రాక ఏం చేస్తుంది? ఈ జవాబులో సగం నిజముంది. మిగతా సగం గురించి ఈ కాసేపు మాట్లాడదలిచాను. చలికాలంలో మన గోడలకు పట్టే నీళ్ళలో పెద్ద భాగం మనం ఇంట్లోనే పుట్టించి, చలికి జడిసి ఇంట్లోనే బంధించి పెట్టుకున్నవి. వాటిని పుట్టినచోటు నుంచే, పుట్టిన వేళకే బయటకు పంపకపోతే గోడలకు ఎన్ని రంగులు వేసినా, ఇంట్లో ఎన్ని పొగలు పెట్టినా చెమ్మ పోదు.

ముందు నిజమైన సగాన్ని ఒప్పుకుందాం. యానాం అంతా కలిపితే 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది. ఊరికి ఒక పక్క గౌతమి, దాని నుంచి ఇక్కడే చీలిపోయే కోరంగి పాయ, అటు పక్క మడ అడవులు, కొద్ది దూరంలోనే సముద్రం. చుట్టూ డెల్టా పొలాలు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు కాలువ నీళ్ళు ఈ నేలను ఏడాదిలో ఎక్కువ భాగం తడుపుతూనే ఉన్నాయి. సార్వా కోతలు అయ్యాయో లేదో దాళ్వాకు మళ్ళీ చేలల్లో నీళ్ళు పెడతారు. అంటే చలికాలంలోనూ మన భూమి ఎండదు. నాలుగు గునపం పోట్లకే నీరు పడే చోట ఇటుక గోడ ఆ నీటిని దీపం వత్తి నూనె పీల్చినట్టు పైకి పీల్చుతుంది, నేల నుంచి మూడు నాలుగు అడుగుల దాకా. పైగా అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. 1996 నవంబరు 6 నాటి తుపానును ఈ ప్రాంతం మరిచిపోలేదు. ఇక 2022 జూలైలో గోదావరి వరద యానాంలో ఎన్నో కాలనీలను రోజుల తరబడి నీళ్ళలో ఉంచింది. వరద తీయగానే బురద కడిగేస్తాం, నేల తుడిచేస్తాం, ఇల్లు ఆరిందనుకుంటాం. ఇటుక గోడ ఆరేది అంత తొందరగా కాదు. నెలకు అంగుళం చొప్పున అని ఇంజనీర్లు ఒక మోటు లెక్క చెబుతారు. తొమ్మిదంగుళాల గోడ రెండు వైపుల నుంచీ ఆరినా నాలుగైదు నెలలు పడుతుంది. జూలైలో తాగిన నీటిని గోడ డిసెంబరులో ఇంకా వదులుతూనే ఉంటుంది. కాబట్టి గోదారిని, సముద్రాన్ని తప్పుపట్టేవాళ్ళు ఊరికే అనడం లేదు.

అయితే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఊరే చెమ్మకు కారణమైతే వానాకాలంలో ఇంకా ఎక్కువ చెమ్మ ఉండాలి కదా? జూలైలో బయటి గాలి 32 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమతో ఉంటే ప్రతి ఘనపు మీటరు గాలిలో సుమారు 25 గ్రాముల నీరు ఆవిరి రూపంలో ఉంటుంది. జనవరి తెల్లవారుజామున మంచు కమ్మి, చేతికి తడి తగిలేటప్పుడు, ఉష్ణోగ్రత 19 డిగ్రీలుంటే అదే ఘనపు మీటరులో ఆవిరి 15, 16 గ్రాములకు మించదు. ఎందుకంటే చల్లటి గాలి నీటిని మోయలేదు. 30 డిగ్రీల గాలి గరిష్ఠంగా 30 గ్రాములు మోస్తుంది, 20 డిగ్రీల గాలి 17 గ్రాములకే చేతులెత్తేస్తుంది. మంచు కనిపిస్తోందంటే గాలిలో నీరు ఎక్కువైందని మనం అనుకుంటాం. నిజానికి గాలికి మోసే బలం తగ్గి, ఉన్న కొద్దిపాటి నీటినీ దించేస్తోందన్నమాట. అంటే మన ఊళ్ళో బయటి గాలిలో ఏడాదంతటిలోకి తక్కువ నీరుండేది ఈ చలి నెలల్లోనే. అలాంటి కాలంలో ఇంటి లోపల బూజు పడుతోందంటే ఆ నీళ్ళు బయటినుంచి వచ్చినవని ఎలా అనగలం?

లోపలి లెక్క చూద్దాం. పది అడుగులకు పన్నెండు అడుగుల పడకగది, పదడుగుల ఎత్తు. అందులో పట్టే గాలి 34 ఘనపు మీటర్లు. గది 24 డిగ్రీల్లో ఉంటే ఆ గాలి మొత్తం మోయగలిగిన నీరు ముప్పావు లీటరు, అంతే. రాత్రి తలుపు వేసుకునే సరికే అందులో 75 శాతం తేమ ఉందనుకుంటే ఇంకా పట్టే చోటు 185 గ్రాములు. అంటే ఓ గ్లాసెడు నీళ్ళు. నిద్రపోయే మనిషి ఊపిరి ద్వారా, ఒంటి నుంచి గంటకు 40 గ్రాముల దాకా నీటిని వదులుతాడు. తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురూ ఒకే గదిలో పడుకుంటే గంటకు 120 గ్రాములు. గంటన్నర గడిచేసరికి ఆ గ్లాసు నిండిపోయింది. తెల్లవారేదాకా ఇంకా ఆరు గంటలుంది, ఇంకా ముప్పావు లీటరు రావలసి ఉంది. అది ఎక్కడికి పోతుంది? తలుపు సందుల్లోంచి కొంత పోతుంది. మిగిలింది దిండ్లలోకి, పరుపు దూదిలోకి, కొయ్యకు తగిలించిన బట్టల్లోకి, అన్నిటికంటే చల్లగా ఉన్న గోడలోకి పోతుంది. ఉత్తరపు గోడ, బీరువా వెనక గాలాడని గోడ, స్లాబు మూలలు గదిలో అన్నిటికంటే చల్లటి చోట్లు. స్లాబు పగలంతా మంచి ఎండలో ఉన్నా, మబ్బులేని రాత్రి తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. గడ్డి మీద మంచు పట్టడానికి ఏ కారణమో ఇదీ అదే కారణం. రేకు పలచన కాబట్టి ఇంకా త్వరగా చల్లబడుతుంది, అందుకే దాని కింద చుక్కలు. బూజుకు నీటి బొట్టు కంటికి కనిపించేంత అక్కరలేదు. గోడను ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి రోజుల తరబడి అలాగే నిలిస్తే చాలు, నల్లచుక్కలు మొలుస్తాయి.

వంటింటి లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. గిన్నెలో మరిగే నీటి ఆవిరి మన కళ్ళకు కనిపిస్తుంది. పొయ్యి మంట నుంచి పుట్టే నీరు మాత్రం కనిపించదు. వంటగ్యాసు మండితే అందులోని హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కలిసి నీరవుతుంది. కిలో గ్యాసుకు కిలోన్నర పైచిలుకు నీరు పుడుతుంది. 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేసరికి ఆ పొయ్యి ఇంట్లోకి వదిలిన నీరు 22 లీటర్లు. ఒక పెద్ద వాటరు క్యాను తెచ్చి వంటింటి గోడల మీద రోజుకు కొంచెం చొప్పున చల్లామని ఊహించుకోండి. నెలన్నరకు ఒక సిలిండరు వాడే ఇంట్లో రోజుకు అర లీటరు, అది అన్నం వార్చిన ఆవిరి, పప్పు ఉడికిన ఆవిరి, ఇడ్లీ పాత్ర ఆవిరి లెక్కపెట్టకుండానే. ఆ పైన బట్టలు. చేత్తో పిండిన నూలు బట్ట తన బరువుకు దగ్గరగా నీటిని పట్టి ఉంచుతుంది. మబ్బు పట్టిన రోజున మూడు కిలోల బట్టలు హాల్లో దండెం కట్టి ఆరేస్తే, అవి ఆరాయంటే మూడు లీటర్ల నీళ్ళు హాల్లోకి వెళ్ళాయని అర్థం. చలికాలమని వేణ్ణీళ్ళ స్నానాలు, తలుపు తీయగానే గదిలోకి పొగలా వచ్చే ఆవిరి. ఇవన్నీ కలిపితే నలుగురున్న ఇంట్లో రోజుకు అరబిందెడు నీళ్ళు గాలిలో కలుస్తున్నాయి. ఎవరూ పోయలేదు, ఎక్కడా కారలేదు, అయినా అవి ఇంట్లోనే ఉన్నాయి.

మరి మన తాతల కాలంలో వండుకోలేదా, స్నానాలు చేయలేదా అని అడగవచ్చు. వాళ్ళ ఇళ్ళు వేరు. పెంకుటింటి కప్పుకు పెంకు పెంకుకూ మధ్య సందు. ఆ సందుల్లోంచి పొయ్యి పొగ పోయేది, పొగతో పాటు ఆవిరీ పోయేది. మండువా లోగిలికి నడుమ ఆకాశమే కప్పు. వంటిల్లు చాలా ఇళ్ళలో పెరటి వైపు విడిగా ఉండేది. గోడలకు సున్నం పూత, నేలకు పేడ అలుకు. అవి రాత్రి తేమను తాగి పగలు వదిలేవి. మధ్యలో కొన్నాళ్ళు తప్పించి 1723 నుంచి 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉన్న ఊరు కాబట్టి యానాంలో ఆ కాలపు కట్టడాల తీరూ కొంత కనిపిస్తుంది. ఎత్తయిన కప్పు, నిలువెత్తు కిటికీలు, మూసినా గాలి పారేలా చెక్కపలకలు ఏటవాలుగా బిగించిన కిటికీ తలుపులు. ఆ పాత ఇళ్ళన్నీ సుఖమని నేననను. తాటాకు ఇల్లు కారేది, మట్టిగోడ వరదకు కూలేది, పొయ్యి పొగకు ఆడవాళ్ళ కళ్ళు పాడయ్యేవి. స్లాబు ఇల్లు రావడం ఈ ఊరి పేదలకు తుపాను నుంచి దొరికిన రక్షణ. అయితే ఆ స్లాబుతో పాటు పెంకుల సందు పోయింది, వెంటిలేటరు ఏసీ కోసం అట్టముక్కతో మూతపడింది, కిటికీకి జరిపే అద్దాలు వచ్చాయి, నేలకు టైల్సు వచ్చాయి. ఒకప్పుడు టైల్సు ఫ్యాక్టరీతో దేశమంతా పేరు తెలిసిన ఊరు మనది. టైలు శుభ్రం, తుడవడం తేలిక. కానీ చుక్క నీరు పీల్చదు, ప్లాస్టిక్ రంగు వేసిన గోడా పీల్చదు. పాత ఇల్లు ఊపిరి తీసుకుంటుంటే కొత్త ఇంటికి ఆ పని మనం చేసిపెట్టాలి. మన ఇళ్ళు మారాయి, చలికాలపు అలవాట్లు మారలేదు. చిక్కంతా అక్కడుంది.

ఇది కేవలం గోడ అందం సంగతైతే ఇంతసేపు మాట్లాడేవాడిని కాదు. చెమ్మ ఇళ్ళ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. తేమ, బూజు ఉన్న ఇళ్ళలో ఉండేవాళ్ళకు దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువని అందులో స్పష్టంగా ఉంది. ఇంగ్లండులో రాచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో రెండేళ్ల బాలుడు చనిపోయాడు. ఇంట్లో పట్టిన బూజును ఎక్కువకాలం పీల్చడమే ఆ మరణానికి కారణమని 2022 నవంబరులో అక్కడి విచారణ అధికారి తేల్చారు. ఆ మరుసటి ఏడాది ఆ పసివాడి పేరుతోనే అద్దె ఇళ్ళ చెమ్మ మీద చట్టంలో నిబంధన చేర్చారు. అక్కడి చలికి, మన చలికి పోలిక లేదు, నిజమే. చలికి కిటికీలు బిగించి, బట్టలు గదిలో ఆరేసి, ఆవిరిని లోపలే దాచుకునే అలవాటు మాత్రం రెండు చోట్లా ఒకటే. యానాంలో చలికాలమంతా పిల్లవాడి దగ్గు తగ్గకపోతే మంచు పడలేదంటాం, పడిశం అంటాం. మందు మార్చి చూస్తాం. వాడు పడుకునే మంచం తల వైపు గోడను కూడా ఒకసారి చూడాలి.

ఇప్పుడు అభ్యంతరాల్లోకెల్లా బలమైనదాన్ని తీసుకుంటాను. బయట మంచు కురుస్తుంటే కిటికీ తెరవమంటావా, ఆ తడి గాలంతా లోపలికి రాదా? ఇది తీసిపారేయదగిన మాట కాదు. బయటి గాలి అప్పుడు నిండు తడితోనే ఉంటుంది, అక్షరాలా 95 శాతం. అయినా దానిలో ఉన్న నీరు ఘనపు మీటరుకు పదిహేనున్నర గ్రాములే. అది 25 డిగ్రీల గదిలోకి వచ్చి వెచ్చబడగానే 67 శాతానికి దిగిపోతుంది. రాత్రంతా మూసి ఉన్న గది గాలిలో, 90 శాతం తేమతో, 20 గ్రాములు దాటి ఉంటుంది. ఈ గాలి పోయి ఆ గాలి వస్తే ఒక్కో ఘనపు మీటరుకు 5 గ్రాముల చొప్పున నీరు ఇల్లు దాటుతుంది. గది గాలి ఒక్కసారి పూర్తిగా మారితే దాదాపు గ్లాసెడు నీళ్ళు బయటకు పోయినట్టు. గాలి తడిగా ఉందా పొడిగా ఉందా అని చెయ్యి చెప్పేదానికి, అందులో ఎంత నీరుందన్న లెక్కకు తేడా ఉంది. మన అనుభవం ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. అంతగా మనసొప్పకపోతే మంచు విడిచాక తెరవండి, నష్టం లేదు. పదకొండింటి నుంచి మూడింటి దాకా బయట 28 డిగ్రీలు, 60 శాతం తేమ ఉంటే అప్పుడూ గాలిలో నీరు 16 గ్రాములే, పైగా ఆ వేడికి గోడలు కూడా ఆరతాయి. ఎదురెదురుగా రెండు కిటికీలు, లేదా ఒక కిటికీ, ఒక తలుపు తీసి ఉంచాలి. ఒక్కటే తీస్తే గాలి గుమ్మం దగ్గరే ఆగుతుంది. రెండు సందర్భాల్లో మాత్రం ఈ సలహా చెల్లదు, అది కూడా చెప్పాలి. వాయుగుండం పట్టి ముసురు పడుతున్న రోజుల్లోనూ, చలి వెనకబడి సముద్రం మీద నుంచి దక్షిణపు గాలి ఒక్కసారిగా తిరిగిన రోజుల్లోనూ బయట నీరు నిజంగానే ఎక్కువ. అప్పుడు ఇంకా చల్లగా ఉన్న టైల్సు మీద ఆ గాలి తగలగానే నేల చెమరుస్తుంది. ఆ రోజుల్లో మూసి, ఫ్యాను వేసుకోవడమే మంచిది.

రెండో అభ్యంతరం చలి, దోమలు. పసిపిల్లలున్న ఇంట్లో, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళున్న ఇంట్లో రాత్రి చలిగాలి అంటే భయం ఉంటుంది, ఉండాలి కూడా. డెల్టాలో దోమను తేలిగ్గా తీసుకోమని ఎవరూ అనరు, బోదకాలును చూసిన ప్రాంతం ఇది. అందుకే తలగడ పక్క కిటికీ తెరవమని నేను అనడం లేదు. వెచ్చటి తడిగాలి తేలిక, అది పైకి చేరుతుంది. పైన వెంటిలేటరుకు అడ్డం పెట్టిన అట్టముక్క తీసేసి, దానికి దోమల జాలీ కొట్టిస్తే మంచం మీద పడుకున్నవాళ్ళకు చలి తగలదు, ఆవిరి మాత్రం పైనుంచి పోతుంది. జాలీ దుమ్ముకు మూసుకుపోతే ఉన్నా లేనట్టే, నెలకోసారి బ్రష్షుతో కడగాలి. సాయంత్రం దోమలు ముసిరే వేళ కిటికీలు మూయడం సరైనదే. ఆ వేళ మూసినవి మర్నాడు మధ్యాహ్నమైనా తెరుచుకోకపోవడం దగ్గరే మనం తప్పుతున్నాం. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళలో ఒక్క వైపే కిటికీ ఉన్నవాళ్ళకు ఇది కష్టం. అద్దెకుండేవాళ్ళకు జాలీ కొట్టించే హక్కూ ఉండదు. అలాంటిచోట వంటింట్లో పొయ్యికి ఎగువన ఒక ఎగ్జాస్టు ఫ్యాను ఉంటే సగం ఇల్లు బాగుపడుతుంది. వండేటప్పుడు హాలు వైపు తలుపు దగ్గరగా వేసి, పెరటి వైపు కిటికీ కొద్దిగా తెరిచి ఫ్యాను వేయాలి. వంట అయ్యాక వెంటనే ఆపేయకుండా మరో పావుగంట తిరగనివ్వాలి. స్నానాల గదికీ ఇదే. ఇల్లాలు కరెంటు బిల్లుకు వెరచి ఆ ఫ్యాను ఆపేస్తే ఆ పది రూపాయలు సంక్రాంతికి రంగుల డబ్బాలో తేలతాయి.

చెమ్మ వాసన పోవాలని సాంబ్రాణి పొగ వేస్తారు. భక్తికి వేస్తే వేయండి, చెమ్మకు మాత్రం అది మందు కాదు. వాసనను కప్పుతుంది తప్ప నీటిని తగ్గించదు. మూసిన గదిలో కుంపటి పెడితే గోడ ఆరుతుందని కొందరు పెడతారు. దయచేసి వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాసు పొయ్యి వెలిగించి గది వెచ్చచేస్తే, ఇందాక చెప్పిన లెక్క ప్రకారం, ఇంకా నీరు పుట్టించినట్టే. బీరువాలో వేసే కలరా ఉండలు పురుగును ఆపుతాయి కానీ తేమను ఆపవు. పట్టుచీరల మడతలను, చదువుల సర్టిఫికెట్లను కాపాడేది బీరువాను గోడకు జానెడు దూరం జరపడం, నెలకో ఎండపూట తలుపులు బార్లా తీసిపెట్టడం. ఏసీ గాలిలోని నీటిని తీస్తుంది, నిజమే. చలికాలంలో ఎవరూ వేయరు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. తేమను లాగే యంత్రాలూ బజారులో దొరుకుతున్నాయి. అవి పనిచేస్తాయి, కానీ మధ్యాహ్నం ఉచితంగా దొరికే గాలిని కాదని కరెంటుతో ఆ పని చేయించుకోవడం ముసురు రోజులకో, ఒక్క కిటికీ కూడా లేని గదికో తప్ప దండగ.

రంగుల దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన ఊళ్ళో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. సంక్రాంతి వస్తోందంటే ఇల్లు కడుక్కుని వెల్ల వేయించుకోవడం ఆనవాయితీ. పాతకాలంలో ఆ వెల్ల సున్నం. గుల్లసున్నం తడి గోడ మీదైనా పట్టుకుంటుంది, గోడలోని నీటిని బయటకు రానిస్తుంది, దానికున్న ఘాటుకు బూజు బతకదు. పండగకు ముందు గోడలన్నీ సున్నం కొట్టించిన పెద్దల అలవాటు వెనక కాలానికి తగిన తెలివి ఉంది. ఇప్పుడు పండగ అదే, కాలం అదే, పూత మారింది. గోడ ఏడాదంతటిలో ఎక్కువ తడిగా ఉండే పుష్యమాసంలో లప్పం పట్టించి, దాని మీద నీటిని రానివ్వని ప్లాస్టిక్ రంగు వేస్తున్నాం. లోపలి నీరు బయటకు రావడానికి దారిలేక రంగు వెనక చేరుతుంది. దానితో పాటు ఉప్పూ వస్తుంది. ఉప్పునీటి పాయల ఒడ్డున కట్టిన ఇళ్ళు కదా, ఇసుకలోనో, సిమెంటు కలిపిన నీళ్ళలోనో, నేలలోనో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు ఎండి పూత వెనక గడ్డకట్టి ఉబ్బుతుంది. ఉగాదికల్లా రంగు పొక్కులెక్కి, వేలితో నొక్కితే పొడిగా రాలుతుంది. అసలు ఉప్పు గుణమే అది. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే నీరు లాక్కుని కరుగుతుంది, సముద్రపు గల్లుప్పు అంతకంటే ముందే చెమరుస్తుంది. వంటింటి జాడీలో ఏం జరుగుతోందో ఉప్పెక్కిన గోడలోనూ అదే జరుగుతోంది. జాడీ ఉప్పు ముద్దకట్టిన రోజున గోడ కూడా తాగుతోందని గుర్తు. పండగకు ఇల్లు కళగా ఉండాలనే కోరికను నేను కాదనను. గుమ్మాలకు, కిటికీలకు రంగు వేయించుకోండి, లోపలి గోడలకు ఈసారికి సున్నమే కొట్టించండి. ఖరీదైన రంగు సంగతి, గోడ ఎండిందని చూసుకుని, ఏప్రిల్‌లో చూసుకోవచ్చు.

ఇక ఏ నీళ్ళు నేలవి, ఏ నీళ్ళు మనవి అని తేల్చుకోవడం. నేల నుంచి ఎక్కిన చెమ్మ నడుము ఎత్తులో ఆగిపోతుంది, అంచున తెల్లటి ఉప్పు గీత గీసినట్టు ఉంటుంది, ఎండాకాలంలోనూ కనిపిస్తుంది. వాన పడ్డాక గుండ్రంగా మరక పెద్దదైతే అది పైకప్పుదో, పైపుదో. చలికాలంలోనే వచ్చి, పై మూలల్లో, బీరువాల వెనక, కిటికీ అద్దాల కింద నల్లచుక్కలుగా కనిపిస్తే అది మన ఊపిరి, మన పొయ్యి. అప్పటికీ అనుమానం తీరకపోతే ఒక పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. మందపాటి పాలిథీన్ కాగితం అడుగు పొడవు, అడుగు వెడల్పు కత్తిరించండి. అనుమానం ఉన్నచోట గోడను పొడిగుడ్డతో తుడిచి, ఆ కాగితాన్ని పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించండి. రెండు రాత్రులు అలా వదిలేయండి. మూడో రోజు తెల్లవారుజామున, కిటికీలు తెరవక ముందే, లైటు వేసి చూడండి. కాగితం పైన, అంటే గది వైపు, వేలికి తడి తగిలితే ఆ నీళ్ళు గదిలోవి. ఆ రోజు నుంచే వెంటిలేటరు అట్ట తీయండి, బట్టలు మేడ మీద ఆరేయండి, పరుపులు ఎండలో వేయండి. నల్లచుక్కలను పొడి చీపురుతో దులపకండి, ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బునీటి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. కాగితం లోపలి వైపు, గోడకూ కాగితానికీ నడుమ చుక్కలు కట్టి ఉంటే మాత్రం ఆ నీళ్ళు గోడలోవి. అప్పుడు పిలవాల్సింది రంగులు వేసేవాళ్ళను కాదు, తాపీమేస్త్రిని. పునాది మీద చెమ్మ ఎక్కకుండా వేసే పొర అసలు వేశారా, వేసి ఉంటే తరవాత వీధి ఎత్తు పెంచినప్పుడు మట్టి దాన్ని దాటి గోడకు ఆనిందా అని గోడ అడుగున తవ్వి చూపించమనండి.